ఇంటి గంట

సికింద్రాబాదు,
29 జూన్ 1986, ఆదివారం

ఎలీసబెతు వదినగారికి,

మీ మరదలు కాంతమణి వందనాలు. మేము క్షేమమని రాయాలి గనుక రాస్తున్నాను. నిజానికి మీ తమ్ముడికి మోకాలి నొప్పి, నాకు ముంజేతి మీద కాటు. కుక్క కాదు, కంగారుపడకండి. ఒకటో తరగతి పిల్ల.

మా బడి తెరిచి రెండు వారాలైంది. నేను ఆయాగా చేరి ఆరేళ్ళు. పని మీకు తెలిసిందే. గదులు ఊడవడం, కుండల్లో నీళ్ళు పట్టడం, బట్టలు తడుపుకున్నవాళ్ళని కడగడం, గంట కొట్టడం. మా గంట అంటే వరండా దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. మీ తమ్ముడే వాళ్ళ రైల్వే వర్క్‌షాపులో అడిగి తెచ్చిపెట్టాడు. సుత్తితో కొడితే రెజిమెంటల్ బజారు సగానికి వినపడుతుంది. పొద్దున బడి గంట, మధ్యాహ్నం అన్నం గంట, నాలుగింటికి ఇంటి గంట. ఎవరు ఏ పని చేసినా ఈ మూడూ నేనే కొట్టాలి.

ఈ ఏడు కొత్తగా చేరిన పిల్ల శేషారత్నం. ఆరేళ్ళు. శ్రీకాకుళం వైపు వాళ్ళట. పొద్దున్నంతా పలక ముందేసుకుని బొమ్మలా కూర్చుంటుంది. అన్నం గంట దాటిందంటే పక్కవాళ్ళ పలకలు లాగేస్తుంది, గిల్లుతుంది. ఇంటి గంట కొట్టగానే అందరికంటే ముందు గేటుకి ఉరుకుతుంది. ఆపిన చెయ్యి ఎవరిదైనా సరే కాటే. అందరూ వెళ్ళిపోయాక నెమ్మదిగా వెనక్కొచ్చి, ఇంత కంకర తీసి నా మీద విసురుతుంది. నా మీదే! నేను ఆ పిల్లని ఒక్క మాట అనలేదు వదినా.

ఒకటో తరగతి పుష్పలీల టీచరు ఇక్కడిదే, మనిషి మంచిదే. "ఆయమ్మా, నాకు నలభై ఆరు మంది పోరగాళ్ళున్నరు. గీ ఒక్కదాని కోసం పరేషాన్ అయితే మిగిలినోళ్ళ గతేంది?" అంటుంది. రోజూ గోడకుర్చీ వేయిస్తోంది. హెడ్మిస్ట్రెస్‌గారైతే క్రిస్మస్ సెలవులు ఇచ్చేలోపు మారకపోతే టి.సి. రాసి పంపేస్తామన్నారు. ఆరేళ్ళ పిల్లకి టి.సి.

మీరు రాసిన ఫ్యాను సంగతి చూశాను. నవంబరు ఇరవై ఒకటికి దేవకృప మనకి లేక ఎనిమిదేళ్ళు నిండుతాయి గనుక తన పేరున నర్సాపురంలో మన చర్చికి ఇద్దామన్నారు. మీ తమ్ముడు సరే అన్నాడు. నేను ఆలోచించి రాస్తాను. నా కూతురి పేరు ఎక్కడైనా రాసి ఉంటే చూడగలనో లేదో నాకింకా తెలియదు.

కవరులో చోటు అయిపోయింది.

మీ మరదలు,
కాంతమణి


నర్సాపురం,
13 జూలై 1986

కాంతానికి,

నీ ఉత్తరం అందింది. దస్తూరీ బాగుపడింది, సంతోషం. కాటు మీద పసుపు పెట్టి ఊరుకోక ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకో. మనిషి పళ్ళు కుక్క పళ్ళకేమీ తీసిపోవు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకటో తరగతి చెప్పినదాన్ని గనుక చెబుతున్నాను. కరిచే పిల్ల, గిల్లే పిల్ల, నేల మీద పడి కాళ్ళు కొట్టుకునే పిల్ల, అందరూ నా చేతి మీదుగా వెళ్ళారు. మనం చూస్తున్నంత సేపే చేస్తారు. చూడడం మానెయ్యి. మీ టీచరు గోడకుర్చీ వేయిస్తే వేయించనివ్వు, నడుమ నువ్వు వెళ్ళి బుజ్జగించకు. బుజ్జగించి చెడగొట్టిన పిల్లల్ని బాగు చేయడానికే నా సగం జీతం సరిపోయింది.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. పిల్లలు ఏడుస్తుంటే నీ కాళ్ళు అక్కడి నుంచి కదలవు. నీ ఒళ్ళో ఒక చోటు ఖాళీగా ఉంది, ఎవరొచ్చినా అందులో కూర్చోబెట్టేసుకుంటావు. పరాయి పిల్ల పరాయి పిల్లే. రేపు టి.సి. తీసుకుని వెళ్ళిపోతే మళ్ళీ ఏడ్చేది నువ్వు. గంట కొట్టు, నీళ్ళు పట్టు, ఇంటికి వెళ్ళు.

ఫ్యాను గురించి ఇంకా ఆలోచించడం ఏమిటి? కొన్నాను. పెయింటరు పేరు రాయడం కూడా అయింది. 'కుమారి దేవకృప జ్ఞాపకార్థము' అని మూడు రేకుల మీదా ఎర్ర రంగుతో రాయించాను. మా పెద్ద బీరువా మీద పెట్టాను. పాస్టరుగారితో కూడా చెప్పేశాను.

తమ్ముడి మోకాలికి వావిలాకు కాపడం పెట్టు. చెప్తే వినడు, పడుకున్నప్పుడు పెట్టు.

ఎలీసబెతు


సికింద్రాబాదు,
24 ఆగస్టు 1986, ఆదివారం

వదినగారికి,

కాంతమణి రాసేది ఏమంటే, మీరు చూడొద్దన్నారు, నేను చూశాను. చూడడం మానడం నావల్ల కాలేదు.

మొన్న శుక్రవారం ఆ పిల్లని తీసుకెళ్ళడానికి వాళ్ళ నాయనమ్మ అమ్మన్నమ్మ వస్తే వెంట నడిచాను. వాళ్ళిల్లు బజారు వెనక సందులోనే. ఒక్క గది. తండ్రి ఎల్లాజీ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో బస్తాలు దించుతాడు. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరి నిద్రపోతాడు. గుమ్మంలో నన్ను చూసి ముసలామె, "అదేటమ్మా, గంట కొట్టుకోక మా ఇంటికాడ నీకేటి పని?" అంది. చెయ్యి చాపి కాటు చూపించాను. పాపం, కూర్చోమని పీట వేసింది.

శేషు వీధిలోకి పోయాక గొంతు తగ్గించి చెప్పింది. పిల్ల తల్లి ఏప్రిల్ నెలలో పురిట్లో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. ఆ రోజు పిల్లని పక్కింట్లో పెట్టి ఇక్కడ అన్నీ కానిచ్చేశారు. "మీ యమ్మ ఊరెల్లినాది" అని చెప్పారు. జూన్లో బళ్ళో వేసేటప్పుడు పిల్ల రానంటే రానని చూరు పట్టుకుని వేలాడిందట. అప్పుడు ఈ ముసలామె ఏమని మాటిచ్చిందో తెలుసా? "బళ్ళో బుద్దిగా కూకుంటే ఇంటి గంట కొట్టేసరికి మీ యమ్మ గేటుకాడ నిలబడుంటాది."

వదినా, ఆ గంట కొట్టేది ఎవరు? నేను. రోజూ నాలుగింటికి సుత్తి పట్టుకుని, మీ అమ్మ ఇవాళ కూడా రాలేదని ఆ పిల్లకి చెబుతున్నది నేను. ఇక కంకర నా మీద కాక ఎవరి మీద వేస్తుంది? పొద్దున్నంతా బుద్ధిగా ఎందుకు కూర్చుంటుందో, పొద్దుపోయేకొద్దీ ఎందుకు పిచ్చెత్తిపోతుందో నాకప్పుడు తెలిసింది. మీకైతే ముందే తెలిసిపోయేది, కానీ మీరు నర్సాపురంలో ఉన్నారు.

పిల్లకి నిజం చెప్పమన్నాను. అమ్మన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎల్లాజీ నిద్రలేచి విన్నాడు. "ఏటి సెప్పమంటావమ్మా? మీ యమ్మ సచ్చిపోనాది అని నా నోటితో సెప్పమంటావా? నాకే ఇంకా నోరు తిరగలేదు. గుంట ఎదిగితే దానికే తెలుస్తాది" అన్నాడు. ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. కానీ నేను వదలను. పుష్పలీల టీచరుకి చెప్పాను, హెడ్మిస్ట్రెస్‌గారికి చెప్పాను.

నాకెందుకింత పట్టుదల అంటే, అబద్ధంలో కూర్చుని ఎదురుచూడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. దేవకృపని చదువు కోసం మీ దగ్గర ఉంచిన ఏడు వచ్చిన మీ టెలిగ్రాములో 'పాపకు సీరియస్, వెంటనే బయల్దేరండి' అని ఉంది. అప్పటికే అయిపోయిందని మాకు తెలియదు. భీమవరం దాటాక నేను బత్తాయి ఒలిచాను. రాగానే నోట్లో పెడదామని తొనల మీద పీచు కూడా తీశాను. మీ గుమ్మం ముందు చెప్పులు చూశాక తెలిసింది. అన్ని చెప్పులు! నా చేతిలో తొనలు ఎవరు తీసుకుని ఎక్కడ పెట్టారో ఇప్పటికీ గుర్తు లేదు.

ఆలోచించి రాస్తానన్నాను గనుక రాస్తున్నాను. ఫ్యాను వద్దు వదినా. అక్కడ, ఆ ఊళ్ళో, అంత ఎత్తున నా కూతురి పేరు తిరుగుతూ ఉండడం నాకొద్దు. ఏదైనా ఇస్తే కింద, పిల్లల మధ్య ఉండాలి.

మీ తమ్ముడు వావిలాకు అంటే పారిపోతున్నాడు.

కాంతమణి


నర్సాపురం,
2 సెప్టెంబరు 1986

శ్రీమతి కాంతమణికి,

ఉత్తరం అందినది.

ఎనిమిదేళ్ళ కిందటి టెలిగ్రాము గురించి అడగదలుచుకుంటే నేరుగా అడగవచ్చును. పరాయి పిల్లను అడ్డం పెట్టుకుని అడగనక్కరలేదు. నా ఇంట్లో ఉండగా జరిగినది గనుక నా ఊళ్ళో పాప పేరు ఉండకూడదని నీ ఉద్దేశమైతే అదీ అర్థమయినది. 'మేనత్త' అని నా పేరు రాయించుకోలేదని గమనించగలవు. నాకు ఆ అర్హత లేదని నాకు తెలుసు.

పేరు తుడిచేయమని పెయింటరుకు కబురు చేస్తాను. పాస్టరుగారికి ఏదో ఒకటి చెప్పుకుంటాను.

తమ్ముణ్ణి అడిగానని చెప్పు.

ఎలీసబెతు


సికింద్రాబాదు,
12 అక్టోబరు 1986, ఆదివారం

వదినా,

'శ్రీమతి' అని రాశారు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో మీ నోట ఆ మాట మొదటిసారి. మీ తమ్ముడు చదివి, "మా అక్కకి కోపమొచ్చినప్పుడే వ్యాకరణం వస్తుంది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నెలా పది రోజులు జవాబు రాయలేకపోయాను.

నేను నింద వేయలేదు. నాకు చదువు తక్కువ, ఒక సంగతి పక్కన ఇంకో సంగతి పెట్టేస్తాను. అవి ఒకదాన్నొకటి పొడుస్తాయని పెట్టాక తెలుస్తుంది. ఫ్యాను వద్దన్నది మీవల్ల కాదు. చర్చిలో ఫ్యాను కింద కూర్చునేది పెద్దవాళ్ళు. దేవకృప ఎప్పుడూ పిల్లల మధ్య ఉండేది. అంతే.

బడి సంగతి. సెప్టెంబరులో శేషు ఇంకో పిల్లని కరిచింది. చెంప మీద. ఆ పిల్ల తండ్రి వచ్చి వరండాలో నిలబడి కేకలు. హెడ్మిస్ట్రెస్‌గారు ఆ రోజే టి.సి. రాసేశారు. నేను వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాను.

"కాంతమణీ, నువ్వు ఆయావి. అది గుర్తుంచుకో" అన్నారు.

"గుర్తుందండీ. కరిచేది నన్నే గదా ఎక్కువసార్లు. నాకు లేని తొందర మీకెందుకండీ? క్రిస్మస్ దాకా అన్నారు, క్రిస్మస్ దాకా ఇవ్వండి" అన్నాను.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నోరు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ కాయితం సొరుగులో పెట్టి తాళం వేశారు. "తేదీ మాత్రమే ఖాళీగా ఉంది" అన్నారు.

అప్పటి నుంచి నేనూ పుష్పలీల టీచరూ కలిసి ఒక ఏర్పాటు చేశాం. వరండాలో ఏడు పూల కుండీలున్నాయి. కోపమొచ్చినవాళ్ళు ఎవరైనా సరే అడక్కుండా లేచి, చెంబుతో కుండీలో నీళ్ళు పోసి రావచ్చు. టీచరు మొదట ఒప్పుకోలేదు. "క్లాసంతా నీళ్ళకే పోతది, నేను గోడలకు చెప్పుకోవాలె పాఠం" అంది. నిజంగానే మొదటి వారం నలభై ఆరు మందికీ కోపమొచ్చింది. రెండో వారానికి పది మంది. ఇప్పుడు ఇద్దరు ముగ్గురే. శేషు పొయ్యడమే కాదు, చెంబుని కుండీకేసి కొడుతుంది కూడా. కొట్టనీ. చెంబుకి నొప్పి లేదు.

ఇంకోటి. ఇంటి గంటకి ముందు శేషుని నా దగ్గరికి పంపిస్తుంది టీచరు. "ఇప్పుడు కొట్టబోతున్నా" అని చెప్పి కొడతాను. ఉరుకుతుంది, కానీ ఉరికేముందు నా మొహం చూస్తుంది. గోడకుర్చీ మానేశారు. టీచరే మానేసింది, నేను చెప్పలేదు.

అయినా మూలం అక్కడే ఉంది గదా. తండ్రి చెప్పనంటున్నాడు. దసరా సెలవులకి ముందు మళ్ళీ అడిగాను. "ఏడిస్తే ఎవులు ఆపుతారు?" అంటుంది అమ్మన్నమ్మ. ఆపక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు అన్నాను. వినలేదు. తండ్రిని దాటి నేను చెప్పలేను. అది నా హక్కు కాదు.

నేరుగా అడగమన్నారు. ఇదిగో అడుగుతున్నాను. టెలిగ్రాం ఇచ్చేటప్పటికి దేవకృప పోయి ఎంతసేపయింది? చెప్పండి చాలు. మీ మీద కోపంతో కాదు. నా కూతురు పోయిన వేళకి నేను ఎక్కడ ఉండి ఏం చేస్తున్నానో నాకు తెలియాలి.

మీ మరదలు కాంతం


నర్సాపురం,
26 అక్టోబరు 1986

కాంతం,

మూడుసార్లు రాసి చించాను. పిల్లలు పలక తుడుచుకుంటే చెంప మీద కొట్టేదాన్ని, మొదటిసారే సరిగ్గా రాయమని.

ఆ టెలిగ్రాం అబద్ధం కాదు. నేను ఇచ్చేటప్పటికి పాప బతికే ఉంది.

శనివారం సాయంత్రం జ్వరం వచ్చింది. మామూలు జ్వరమనుకున్నాను. ఆదివారం పొద్దున తల పగిలిపోతోందంది, కిటికీ మూసెయ్యమంది. "అమ్మని పిలువు అత్తా" అంది. మర్నాడు సోమవారం మా బళ్ళో ఇన్‌స్పెక్షను. నేను రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాను. తల ఎత్తకుండానే, "టెలిగ్రాం ఇచ్చేశానే, అమ్మ బయల్దేరింది" అన్నాను. ఇవ్వలేదు. జ్వరానికి టెలిగ్రాం ఏమిటి, పిల్లలు ఒంట్లో బాగోకపోతే అమ్మనే అడుగుతారు, మాట చెబితే ఊరుకుంటుంది అనుకున్నాను. నాకు అలవాటైన పనే అది.

ఊరుకుంది. ఊరుకుని, "ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చుంటుంది?" అంది. ఖాజీపేట దాటిందన్నాను. కాసేపాగి మళ్ళీ అడిగింది. బెజవాడ అన్నాను. తర్వాత గుడివాడ. తర్వాత కైకలూరు. గోడ మీద మ్యాపు పెట్టి, పుల్లతో చూపించి ఆ పేర్లు నేర్పింది నేనే. వాటితోనే కదలని రైలుని నడిపించాను. సోమవారం పొద్దున బడికి వెళుతుంటే, "భీమవరం వచ్చేసిందా అత్తా?" అంది. "వచ్చేసింది, నేను తిరిగొచ్చేసరికి మీ అమ్మ ఇక్కడే ఉంటుంది" అని పక్కింటావిడకి అప్పగించి వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చేసరికి మాట పడిపోయింది. డాక్టరు మెదడుజ్వరం అన్నాడు. అప్పుడు చెప్పులు లేకుండా పోస్టాఫీసుకి పరిగెత్తాను. మూడు గంటలకి ఇచ్చాను. మంగళవారం తెల్లవారేముందు పోయింది. నువ్వు ఏ స్టేషనులో ఉన్నావో నాకు తెలియదు. బెజవాడ దాటి ఉంటావు.

ఆదివారమే ఇచ్చి ఉంటే నువ్వు అందేదానివి.

నువ్వు గుమ్మంలో నిలబడి, "పోయాక సీరియస్ అని ఇచ్చారా?" అన్నప్పుడే దిద్దాల్సింది. దిద్దలేదు. నువ్వు వేసిన నేరం చిన్నది, మోయగలిగాను. దిద్దితే అసలుది చెప్పాలి. ఎనిమిదేళ్ళు చిన్న మూటనే నెత్తిన పెట్టుకుని ఊరేగాను. నీ ఉత్తరంలో ఆ పిల్ల గేటు దగ్గర నిలబడిందని చదివినప్పుడు నాకు కనపడింది ఆ గేటు కాదు, మా గుమ్మం.

పేరు తుడిపించలేదు. పెయింటరు రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ టీ ఇచ్చి పంపేశాను.

ఇంకేమీ అడగను.

ఎలీసబెతు


సికింద్రాబాదు,
30 నవంబరు 1986, ఆదివారం

వదినా,

ఈసారి క్షేమం రాయను.

మీ ఉత్తరం వేలు పెట్టి చదివాను. చదివాక మీ తమ్ముడికి ఇచ్చాను. ఆయన చదివి, బయటికి వెళ్ళి నీళ్ళ పంపు కింద తల పెట్టాడు. మూడు రోజులు నేను వండింది వండినట్టే చల్లారింది. నాలుగో రోజు బళ్ళో నేను ఇంటి గంట మూడింటికే కొట్టేశాను. మీరు పోస్టాఫీసుకి పరిగెత్తిన వేళకి. ఎందుకు కొట్టానో నాకే తెలియదు. పిల్లలంతా సంచులు తగిలించుకుని అరుచుకుంటూ గేటుకి. శేషు కూడా ఉరికింది. అటూ ఇటూ చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నా దగ్గరకొచ్చి, "ఆయమ్మా, గంట తప్పు కొట్టీసినావు. ఇంకా ఎవులూ రారు" అంది. అందరూ నవ్వారు. నేను అక్కడే, ఆ పట్టా కింద చతికిలబడి ఏడ్చాను. ఎనిమిదేళ్ళ తర్వాత అంత గట్టిగా. ఆ పిల్ల కాసేపు చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసింది. కోపమొస్తే కుండీకి పోస్తారు గదా, నాకూ అంతే అనుకుంది.

ఆ చన్నీళ్ళు తగిలాక లేచాను. మర్నాడు హెడ్మిస్ట్రెస్‌గారిని ఒక పూట సెలవడిగి, మీ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్ళాను. మీ పేరు చెప్పలేదు. క్యాబేజీ బస్తాల మీద ఎల్లాజీని కూర్చోబెట్టి, ఆ స్టేషన్లున్న చోటు చదివి వినిపించాను. పక్కన హమాలీలు "ఏందమ్మో, ప్రేమలేఖనా?" అని ఎగతాళి. ఆయన వాళ్ళ వైపు చూడలేదు. ఖాజీపేట, బెజవాడ, గుడివాడ, కైకలూరు. అన్నీ విన్నాడు.

"ఆ గుంట నమ్మినాదా?" అన్నాడు.

"చెప్పినావిడ నమ్మిందనుకుంటోంది" అన్నాను.

"నువ్వేటనుకుంటన్నావు?"

"తెలియదు బాబూ. అడగడానికి పిల్ల లేదు. నీకు పిల్ల ఉంది" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం చెప్పాడు. "నువ్వు పక్కనుండమ్మా" అంటే వెళ్ళాను. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, "మీ యమ్మ ఊరెల్లలేదే. సచ్చిపోనాది. మరి రాదు. మేము నీకు అబద్దం సెప్పినాం" అన్నాడు. ముసలామె గోడవైపు తిరిగింది. ఆ పిల్ల ఏం చేసిందనుకున్నారు? ఏడవలేదు. "మరి గంట కొట్టినాక గేటుకాడికి నాకోసం ఎవులొస్తారు?" అని అడిగింది. ఎంత సబబైన మాట! ఐదు నెలల నుంచి దాని బాధంతా అదే గదా. ఎల్లాజీ దాని జుట్టు వెనక్కి తోశాడు. తర్వాత "నానొస్తాను" అన్నాడు. అప్పుడు శేషు లేచి వచ్చి నన్ను కరిచింది. అదే చెయ్యి, అదే చోటు. కరిచి, వదలకుండా అలాగే పట్టుకుని ఏడ్చింది. నేను చెయ్యి లాక్కోలేదు.

వారం రోజులు బడికి రాలేదు. వచ్చాక అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధం. ఒక రోజు పలకలు విరగ్గొట్టింది. ఒక రోజు అన్నం తినలేదు. కానీ కరవడం లేదు. నాలుగింటికి ఎల్లాజీ నిద్రమొహంతో గేటు దగ్గర నిలబడుతున్నాడు. ఒకనాడు ఆలస్యమైతే శేషు గేటు పట్టుకుని వదల్లేదు. పుష్పలీల టీచరు చెప్పులు కూడా వేసుకోకుండా పక్కన వెళ్ళి నిలబడింది. "జెర ఆగు బిడ్డా, నేనున్న గదా" అని. నలభై ఆరు మందిలో ఒక్కదాని కోసం.

బంతి మొక్క మాత్రం నీళ్ళెక్కువై కుళ్ళిపోయింది. "చూసినవా ఆయమ్మా, వీళ్ళ కోపానికి చెట్టు సుత సచ్చింది" అంటుంది టీచరు.

టి.సి. కాయితం హెడ్మిస్ట్రెస్‌గారు చింపలేదు. మార్చి దాకా సొరుగులోనే ఉంటుందన్నారు. ఉండనివ్వండి. మార్చి దాకా నేను సొరుగు బయట ఉంటాను.

ఇక మన సంగతి. ఆదివారమే టెలిగ్రాం ఇచ్చి ఉంటే అందేదాన్నని మీరే రాశారు. నిజమే. అది నాకు ఇక రోజూ ఉంటుంది, అన్నం గంటలా. క్షమించానని ఇప్పుడే రాస్తే, రైలెక్కకుండా బయల్దేరానని చెప్పినట్టే. ఇంకా ఎక్కలేదు వదినా. స్టేషను దాకా వచ్చాను. కానీ ఒకటి రాయగలను. ఎనిమిదేళ్ళు నా కూతురు నాకోసం అడగకుండానే పోయిందనుకున్నాను. అడిగింది. స్టేషను స్టేషనుకీ అడిగింది. ఇది మీరు చెప్పకపోతే నాకెవరు చెబుతారు?

మొన్న ఇరవై ఒకటిన అన్నం గంట తర్వాత శేషు నీళ్ళు పోయడానికి వచ్చి, నా మొహం చూసి, "నీకూ కోపమొచ్చినాదా?" అంది. కోపం కాదు, మా అమ్మాయి గుర్తొచ్చింది అన్నాను. "ఎక్కడుంది?" అంది. ఇన్నేళ్ళుగా ఎవరడిగినా ప్రభువు దగ్గర ఉంది, నిద్రపోయింది అనేదాన్ని. అవీ నిజమే. కానీ ఆ పిల్లకి, "చచ్చిపోయింది. పేరు దేవకృప. నీకంటే కొంచెం పొడుగు" అని చెప్పాను. నోరు తిరిగింది. తల ఊపి, రెండో చెంబు నా చేతికిచ్చింది. ఇద్దరం పోశాం.

మా ఒకటో తరగతి గదికి ఫ్యాను లేదు. కొక్కెం ఉంది. హెడ్మిస్ట్రెస్‌గారిని అడిగాను, సరే అన్నారు. ఆ ఫ్యాను తీసుకుని మీరే రండి. పేరు ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి, ఖాళీ ఉంటే 'మేనత్త' అని కూడా రాయించండి. ఈ చలికాలం ఫ్యాను తిరగదు. నలభై ఆరు మందీ తలెత్తి ఆ పేరు కూడబలుక్కుని చదువుతారు. ఎవరని అడిగితే ఇద్దరం కలిసి చెబుదాం.

ఒక్కటే మాట. వస్తున్నానని ముందుగా రాయొద్దు. రైలు కదిలాకే రాయండి.

కాంతం


పోస్టు కార్డు
19 డిసెంబరు 1986

కాంతం,

నర్సాపురం స్టేషనులో కార్డు తీసినా, రైలు ఇంకా కదలలేదు గనుక రాయలేదు. పాలకొల్లులో నీ అడ్రసు మాత్రం రాశాను. ఇప్పుడు భీమవరం. ప్లాట్‌ఫారం మీద ఒకాయన పోస్టు డబ్బాలో వేస్తానన్నాడు. ఈ కార్డు నా వెనకే వస్తుంది, అయినా రాస్తున్నాను.

ఫ్యాను రేకులు పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. బత్తాయిలు కొన్నాను. ఒలవలేదు.

బయల్దేరాను.

వదిన